పాత లాప్‌టాపునుండి భిన్నజాతి కంప్యూటరునకు తెలుగు పాఠముల సంక్రమణము

తాటాకులనుండి కాగితమునకును, కాగితమునుండి అచ్చునకును తెలుగు గ్రంథములు సంక్రమించిన విధమును, ఆ సంక్రమణమున దొరలిన లేఖకదోషములను గూర్చి పరిష్కర్తలు తమ పీఠికలయందు విశేషముగ చర్చించియున్నారు. అట్టి చర్చకు పాత్రమైన మఱొక సంక్రమణము నేడు కన్నులయెదుటనే జరుగుచున్నది. 1990 తరువాతి సంవత్సరములలో కంప్యూటరుపైననే కూర్పబడి, అచ్చునకు నోచుకొనక, ఒకానొక పాత లాప్‌టాపులో మాత్రమే నిలిచియున్న తెలుగు పాఠములు కలవు. క్షేత్రపర్యటనలయందు సేకరించిన జానపదగేయములు, మాండలిక పదపట్టికలు, సగము పరిష్కరింపబడిన కావ్యప్రతులు, సిద్ధాంతవ్యాసముల అనుబంధములు ఈ తెగకు చెందినవి. వానిలో పెక్కింటికి రెండవ ప్రతి లేదు. కొన్ని శతాబ్దములు నిలిచిన తాటాకులు మన భాండాగారములలో కలవు; ఇరువదియేండ్లు గడచిన హార్డ్‌డిస్కు రేపు తిరుగునని ఎవ్వరును పూటపడజాలరు.

ఇచట విచారణకు గ్రహింపబడిన సందర్భము సామాన్యమైనదే. ఒకవైపు విండోస్ 98తో నడచు లాప్‌టాపు. వేఱొకవైపు మెకింటోషుగాని, లినక్సుతో నడచు యంత్రముగాని. విండోస్ 98కు నిర్మాతలు 2006 జూలైలోనే తమ సహాయమును నిలిపివేసిరి. కావున ఈ రెండు యంత్రములును ఒకదానినొకటి ఎఱుగని కాలములకు చెందినవి. వీని నడుమ భేదము మూడు తావులలో నుండును. తీగలు తగిలించు పోర్టులు వేఱు. ఫైళ్లకు పేరిడి దాచుకొను పద్ధతి వేఱు. ఏ అక్షరమునకు ఏ సంఖ్య గుర్తు అను ఒడంబడిక వేఱు. కంప్యూటరు బాగుచేయువారు మొదటిదానిని గూర్చియే చింతింతురు. తీగ కుదిరి ఫైళ్లు దాటినచో పని ముగిసినదని తలంతురు. తెలుగు పాఠమునకు హాని కలుగుట తఱుచుగ మూడవ తావుననే. ఆ హాని కలిగిన నాడు కనబడదు. కొన్ని నెలలకో, కొన్ని యేండ్లకో ఫైలును తెఱచినప్పుడు తెలియును. అప్పటికి లాప్‌టాపు మూలబడియుండును.

అయినను తీగలతోనే మొదలిడవలసియున్నది. పాత లాప్‌టాపును తెఱచుటకు ముందు ఒక నిర్ణయము అవసరము. డిస్కు తిరుగునప్పుడు టకటకయను చప్పుడు వినవచ్చుచున్నచో యంత్రమును నడపరాదు. విండోస్ మేల్కొనుటయే డిస్కుపై క్రొత్త వ్రాతను వ్రాయును. చెడుచున్న డిస్కునకు అది ప్రాణాంతకము కావచ్చును. అట్టి యెడ డిస్కును ఊడదీయుటయే మేలు. ఆ కాలపు లాప్‌టాపు డిస్కు రెండున్నర అంగుళముల వెడల్పు గలది; దాని చివర 44 సూదులుండును. ఈ సూదులకు తగిలి, రెండవ కొసన యుఎస్‌బి గల చిన్న పరికరము బజారున దొరకును. దానిద్వారా డిస్కును లినక్సు యంత్రమునకు తగిలించి, వ్రాతకు వీలులేకుండ కేవలము చదువుటకు మాత్రమే తెఱచి, డిస్కు నంతటిని బైటు బైటుగా ఒకే ఫైలుగ ప్రతి తీయవచ్చును. లినక్సులోని డిడి అను ఆజ్ఞ ఈ పని చేయును. చెడుతావులున్న డిస్కునకు డిడిరెస్క్యూ తగినది. అది మొదట చదువవచ్చిన భాగములను వేగముగ గ్రహించి, చదువరాని తావులకు తరువాత మరలి వచ్చును. శిథిలతాళపత్రమును విప్పునప్పుడు లేఖకుడు అవలంబించు నీతియే ఇది.

డిస్కు ఆరోగ్యముగ నున్నచో తీగమార్గములు కలవు. అన్నిటికంటె పాతది సీరియల్ పోర్టు. లాప్‌టాపు వెనుక తొమ్మిది సూదులు గలది ఇదియే. ఇందు రెండవ సూది వినునది, మూడవది పలుకునది. రెండు కంప్యూటర్లను నేరుగా కలుపునప్పుడు ఒకదాని పలుకు సూది వేఱొకదాని విను సూదికి తగులునట్లు తీగలు మాఱియుండవలెను; లేనిచో రెండును ఒకే తీగపై పలుకుచుండును, వినువారుండరు. ఇట్లు మార్చిన కేబులునకు నల్ మోడెమ్ కేబులని పేరు. క్రొత్త యంత్రములకు ఈ పోర్టు లేదు గావున యుఎస్‌బినుండి సీరియలునకు మార్చు తునుక ఒకటి నడుమ నుంచవలెను. దీని పరమవేగము సామాన్యముగ సెకనుకు 1,15,200 బిట్లు. ఒక్కొక్క బైటునకు ముందొకటి, వెనుకొకటి గుర్తుబిట్లు చేరి పది బిట్లగును గనుక సెకనుకు 11,520 బైట్లు పోవును. ఒక ఫ్లాపీ నిండుగ నుండు 14,74,560 బైట్లు దాటుటకు 128 సెకండ్లు పట్టును. నూఱు మెగాబైట్లకు రెండున్నర గంటలు. పాఠములు మాత్రమే యున్నచో ఇది చాలును. అచ్చుపుటల ఛాయాచిత్రములున్నచో చాలదు.

ఈథర్నెట్ తీగ వీనికంటె శ్రేష్ఠము. పాత లాప్‌టాపునకు ఆ పోర్టు లేకున్న, ప్రక్కనుండు పిసి కార్డు రంధ్రమున దానిని చేర్చు కార్డు ఉండవచ్చును. ఇందును పలుకు తీగలు, విను తీగలు మార్చిన అడ్డకేబులు ఒకప్పుడు ఆవశ్యకముగ నుండెను. గిగాబిట్ వేగము గల నేటి పోర్టులు ఆ మార్పును తామే గ్రహించి సరిచేసికొనును గావున రెండింటిలో ఒకటి క్రొత్తదైనచో మామూలు తీగయే చాలును. నడుమ రౌటరు లేనియెడ చిరునామాల నిచ్చువాడు లేడు. అప్పుడు ఉభయయంత్రములును 169.254తో మొదలగు చిరునామాలను తమంతట తామే ధరించును, లేదా 192.168.1.1, 192.168.1.2 అని చేతితో నీయవచ్చును. పాత లాప్‌టాపును ఇంటర్నెట్టునకు తగిలింపక ఈ రెంటిని మాత్రమే కలిపియుంచుట క్షేమము.

ఇంతవఱకు వచ్చి పలువురు ఆగిపోవుదురు. తీగ తగిలినది, దీపము వెలిగినది, కాని ఒకదానిలోని ఫోల్డర్లు రెండవదానికి కనబడవు. కారణము భాష పాతబడుటయే. విండోస్ 98 ఫైళ్లను పంచుకొను పద్ధతి ఎస్‌ఎంబి యొక్క మొదటి రూపమునకు చెందినది. భద్రతాదోషములవలన నేటి యంత్రములు దానిని తిరస్కరించుచున్నవి. విండోస్ 10 సైతము 2017 నాటి కూర్పునుండి దానిని సహజముగ చేర్చుకొనుట మానినది. సులువైన దారి ఎఫ్‌టిపి. విండోస్ 98లో ఎఫ్‌టిపి ఆజ్ఞ ఉన్నది. క్రొత్త యంత్రమున ఎఫ్‌టిపి సర్వరును తాత్కాలికముగ నడిపి, పాతదానినుండి ఫైళ్లను పంపవలెను. ఇచట ఒక సూక్ష్మము కలదు. ఆ ఆజ్ఞ మొదట పాఠరీతిలో నుండును. బైనరీ అని స్పష్టముగ టైపుచేసిన గాని ద్విసంఖ్యారీతికి మాఱదు. పాఠరీతిలో పంక్తి చివరనుండు 13, 10 అను జంట సంఖ్యలు గమ్యయంత్రపు ఆచారమునకు అనుగుణముగ 10 మాత్రముగ మాఱును. సాదా పాఠమునకు ఇది హాని కాదు. వర్డ్ ఫైలులో 13, 10 పంక్తి చివరలు కాక ఏ లెక్కకో చెందినవై యుండవచ్చును. వానిలో నొకటి తొలగినచో ఫైలు విఱిగిపోవును. కావున ప్రతి ఫైలును, అది పాఠమైనను కాకున్నను, బైనరీగనే పంపవలెను.

యుఎస్‌బి విషయమున రెండు మాటలు చాలును. రెండు కంప్యూటర్లును ఆతిథేయులే. రెండు కొసలును ఒకే విధమైన మామూలు యుఎస్‌బి తీగతో వానిని కలుపుట నిష్ఫలము, ఒక్కొక్కప్పుడు పోర్టునకే ముప్పు. నడుమ చిప్పు గల ప్రత్యేకపు తీగ వేఱు. పెన్‌డ్రైవు వాడదలచినచో విండోస్ 98కు దాని డ్రైవరును ముందుగ ఫ్లాపీపైననో సీడీపైననో తెచ్చి యెక్కింపవలెను. పెన్‌డ్రైవు ఫ్యాట్32 రూపమున నుండవలెను. ఎక్స్‌ఫ్యాట్ రూపము 2006లో పుట్టినది. 98 నాటి యంత్రము దానిని చదువజాలదు.

ఫైళ్ల పేర్లయందు తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కులు రెండు కలవు. భాషాగణనమునకై పాఠములను రోమను అక్షరములలో దాచుకొను డబ్ల్యుఎక్స్ పద్ధతిని విశ్వవిద్యాలయములలో పలువురు వాడుదురు. తకారమునకు డబ్ల్యూ, దకారమునకు ఎక్స్ గుర్తులగుటచేత దానికా పేరు వచ్చినది. ఇందు చిన్న ఎ అకారము, పెద్ద ఎ ఆకారము. కావున ‘కల’, ‘కాల’ అను రెండు మాటలకు భేదము చిన్న ఎ, పెద్ద ఎ అనునదియే. లినక్సు లాప్‌టాపులో ఈ రెండు పేర్లతో రెండు ఫైళ్లు ప్రక్కప్రక్కన నుండగలవు. విండోస్ యంత్రముగాని, మామూలు అమరికలో నున్న మెకింటోషుగాని పేర్లలో చిన్న, పెద్ద అక్షరముల భేదమును పాటింపదు. ఒకేమాఱు వందల ఫైళ్లను ప్రతిచేయుచు ‘మార్చవలెనా’ యను ప్రశ్నకు ఆలోచింపక అవునన్నచో ‘కాల’ పదపుటము ‘కల’ పదపుటముపై కూర్చుండి దానిని మాపివేయును. నిఘంటుకార్యమున ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క ఫైలు పెట్టుకొన్నవారికి ఇది స్వల్పమైన ప్రమాదము కాదు. అన్ని ఫైళ్లను ముందుగ ఒకే కట్టగా, అనగా టార్ ఫైలుగ గట్టి పంపినచో మార్గమధ్యమున నష్టముండదు. కట్ట విప్పుచోటు మాత్రము పెద్ద, చిన్న భేదమును ఎఱిగినదై యుండవలెను.

రెండవ చిక్కు ఐత్వమునకు సంబంధించినది. యూనికోడున ఐత్వపు గుర్తు (ై) ఒకే సంఖ్యతో, 3144తో, వ్రాయబడవచ్చును. ఎత్వము (ె) 3142, దాని క్రిందిగుర్తు (ౖ) 3158 అని రెండుగనైనను వ్రాయబడవచ్చును. ఈ రెండును సమానములని యూనికోడు శాసనము. తెలుగు వర్ణమాలలో ఇట్టి విభాగము గల గుర్తు ఇదియొక్కటియే. కన్నడమున అనేకములు కలవు. 1998లో వచ్చిన మెకింటోషు ఫైలుపద్ధతియైన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసియే దాచును. పాత మెకింటోషు లాప్‌టాపులో ‘రైతు’ అను పేరు గల ఫైలు లినక్సునకు వచ్చినప్పుడు కంటికి రైతుగనే కనబడును, కాని నాలుగు సంఖ్యలకు బదులు అయిదు సంఖ్యల రైతగును. పేరునుబట్టి వెదకు ప్రోగ్రాము అట్టి ఫైలు లేదని చెప్పును. ఫైలు ఎదుటనే యుండును.

తేదీలను గూర్చి పరిష్కర్త మెలకువ వహింపవలెను. ఒకే కావ్యమునకు ఐదాఱు ముసాయిదాలున్నచో ఏది చివరిదో తెలుపునది ఫైలు తేదీయే. లోపలి చిన్న బ్యాటరీ ఎండిపోయిన లాప్‌టాపు గడియారము తఱుచుగ 1980 జనవరి 1వ తేదీకి మరలియుండును. ఫ్యాట్ పద్ధతిలో కాలము మొదలగునది ఆ సంవత్సరముననే. అట్టి తేదీని సాక్ష్యముగ గ్రహింపరాదు. సక్రమమైన తేదీలున్నచో అవి ప్రతియందు నేటి తేదీగ మాఱకుండ, పాత యంత్రమునందే సమస్తమైన ఫైళ్ల పట్టికను తేదీలతో, పరిమాణములతో ముందుగ వ్రాయించి దాచుట యుక్తము.

ఇక అక్షరముల ఒడంబడిక. కంప్యూటరు అక్షరమును దాచదు, సంఖ్యను దాచును. పాత లాప్‌టాపులలోని తెలుగు మూడు విధములైన సంఖ్యలలో నుండును.

మొదటిది ఇస్కీ. భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో 13194 సంఖ్య గల ప్రమాణముగ దీనిని స్థిరపఱచినది. పూనాలోని సిడాక్ సంస్థ జిస్ట్ పరికరములద్వారా ఇది దేశమంతట వ్యాపించెను. ఇందలి సౌందర్యమేమనగా, బ్రాహ్మినుండి పుట్టిన లిపులన్నిటికిని కకారము ఒక్కటియే, 179. అది తెలుగు కకారమా, ఒరియా కకారమా అనునది ముందు వచ్చు లిపిసూచకమునుబట్టి యుండును: 239, దాని వెంట 69 ఉన్నచో తెలుగు, 72 ఉన్నచో కన్నడము, 66 ఉన్నచో దేవనాగరి. ఫైలు నడుమనుండి ఒక భాగమును కత్తిరించి క్రొత్త ఫైలుగ దాచినప్పుడు ఈ సూచకము జాఱిపోవును. అప్పుడు తెలుగు పద్యము దేవనాగరిలో దర్శనమిచ్చును. పాఠము చెడలేదు, వేషము మాఱినది. కంగారుపడి తిరిగి టైపుచేయించినవారు లేకపోలేదు. విండోస్ లెక్కలో తెలుగు ఇస్కీకి 57005 అను సంఖ్య కలదు. దానిని సరిగ చెప్పినచో మార్పిడి దాదాపు ఏకైకముగ సాగును.

సీరియల్ తీగపై ఇస్కీ పాఠమును పంపునప్పుడు మాత్రము ఘోరమైన యాపద యొకటి పొంచియున్నది. పాత టెర్మినల్ ప్రోగ్రాములలో బైటునకు ఏడు బిట్లు, ఎనిమిది బిట్లు అను రెండు అమరికలుండును. ఏడు బిట్లే పంపినచో ప్రతి సంఖ్యనుండి 128 తొలగిపోవును. కకారమైన 179 అప్పుడు 51 అగును. 51 రోమను పద్ధతిలో 3 అను అంకె. ఇట్లే ఖ 4గను, గ 5గను, ఘ 6గను, ఙ 7గను, చ 8గను, ఛ 9గను మాఱును. దీనిని గ్రహించినవాడు 128 తిరిగి కలిపి పాఠమును పెక్కుపాళ్లు ఉద్ధరింపగలడు. ఖాళీకి, విరామమునకు చెందిన సంఖ్యలు కలిపినప్పుడు తెలుగునకు పనికిరాని తావులలో పడును గనుక వానిని గుర్తించుట కష్టము కాదు. కాని మూలమున అంకెలున్నచో? ‘ఖగ’ అను మాటయు, 45 అను పుటసంఖ్యయు ఒకే రూపమును దాల్చును. ఏది పక్షియో ఏది పుటయో సందర్భమును జూచి పరిష్కర్తయే నిర్ణయింపవలెను. ఉపోద్ఘాతముల, అధస్సూచికల విషయమున ఈ నిర్ణయము తేలిక కాదు. మొదటనే ఎనిమిది బిట్లని యమర్చినచో ఈ ప్రయాస లేదు. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయమున పుట్టిన కెర్మిట్ వంటి ప్రోగ్రాములు ప్రతి తునుకను సరిచూచుచు పంపును. విండోస్ 98తో వచ్చు హైపర్‌టెర్మినల్ కెర్మిట్‌ను, జెడ్‌మోడెమ్‌ను ఎఱుగును.

ఇస్కీలో హలంతమునకు సంబంధించిన మఱొక నియమము కలదు. 232 పొల్లు, అది రెండు మాఱులు వచ్చినచో తరువాతి హల్లుతో సంయుక్తము కారాదని యర్థము. ‘రాజ్‌కుమార్’ అనుచోట జకారము క్రింద కకారపు ఒత్తు రాకుండుట దీనివలననే. యూనికోడులో దీనికి బదులు పొల్లు వెంట 8204 అను అదృశ్యచిహ్నము రావలెను. ఈ నియమమెఱుగని మార్పిడి ప్రోగ్రాము రెండు పొల్లులను అట్లే విడుచును. మఱికొన్ని ప్రోగ్రాములు అదృశ్యచిహ్నములను చెత్తగ భావించి ఊడ్చివేయును. అన్యదేశ్యపదములను, వ్యక్తినామములను పరిశీలించువారికి ఇది వెంటనే తెలియును.

రెండవ విధము రోమను లిప్యంతరీకరణము. డబ్ల్యుఎక్స్‌తో పాటు రైస్ విశ్వవిద్యాలయపు పేర ఆర్‌టిఎస్ అని పిలువబడు పద్ధతియు 1990 ప్రాంతముననుండి ప్రవాసాంధ్రులలో ప్రచారమునకు వచ్చెను. ఇవి 127కు లోబడిన సంఖ్యలతోనే నడచును గనుక ఏ తీగయు, ఏ యంత్రమును వీనిని చెఱుపజాలదు. చెఱుపునది వర్డ్ ప్రోగ్రాముయొక్క ఆంగ్లాభిమానము. వాక్యారంభమున చిన్న అక్షరమున్నచో తప్పని తలంచి దానిని పెద్దది చేయుట ఆ ప్రోగ్రామునకు అలవాటు. ఈ పద్ధతులలో చిన్న ఎన్ నకారము, పెద్ద ఎన్ ణకారము. ఫలితముగ వాక్యము మొదట వచ్చిన నన్నయ ‘ణన్నయ’ యగును. ణకారాదిపదములు తెలుగున ఇంచుమించు లేవు గనుక ఈ దోషమును పట్టుట సులభము. సకార, శకారముల విషయమున అట్లు కాదు. పాత ఫైలును క్రొత్త యంత్రమున వర్డ్‌తో గాక సాదా పాఠసంపాదకముతో తెఱచుట మేలనుటకు ఇది చాలిన హేతువు.

మూడవది అన్నిటికంటె కష్టమైనది. ప్రచురణకర్తలు, పత్రికలవారు, వారినిబట్టి పరిశోధకులును వాడిన ఫాంట్లు అక్షరమునకు గాక అక్షరశకలమునకు సంఖ్య నిచ్చినవి. తలకట్టు ఒక సంఖ్య, దాని క్రింది కాయము ఒక సంఖ్య, ఒత్తు ఒక సంఖ్య. ఒక్కొక్క సంస్థ ఫాంటునకు ఒక్కొక్క పట్టిక. రోమను అక్షరముల తావులనే ఇవి ఆక్రమించినవి గనుక కంప్యూటరు దృష్టిలో ఆ ఫైలులో తెలుగు లేదు. అర్థము లేని ఆంగ్లము కలదు. కావున లాప్‌టాపునుండి ఫైలు మాత్రమే తెచ్చి ఫాంటును విడిచినవాడు తాళపుచెవిని లోపల విడిచి తలుపు మూసినవాడే. విండోస్ ఫోల్డరులోని ఫాంట్ల నన్నిటిని తప్పక వెంట గొనిరావలెను. వర్డ్ ఫైలులో ఫాంటు పేరు నిలిచియుండును. దానినే సాదా పాఠముగ దాచినచో ఆ పేరు పోవును, ఏ పట్టికతో చదువవలెనో చెప్పు సాక్షి యుండడు.

ఈ ఫాంట్ల ఫైలును తెఱచి, వెంటనే దాచుటయు ప్రమాదమే. పశ్చిమయూరపు విండోస్ పట్టికలో 129, 141, 143, 144, 157 అను అయిదు తావులు ఖాళీలు. ఫాంటు కల్పించినవారు ఆ తావులలో ఒత్తునో గుణింతమునో ఉంచియున్నచో, వేఱుజాతి యంత్రము వానిని ప్రశ్నార్థకములుగ మార్చి దాచవచ్చును. ఒకసారి ప్రశ్నార్థకమైనది మరల ఒత్తు కాదు. ఇట్లే గుర్తులఫాంట్లుగ నమోదైనవానిని వర్డ్ ప్రోగ్రాము 61,440 కలిపి దాచును. మార్పిడికి ముందు దానిని తీసివేయవలెను. పద్మ వంటి మార్పిడి ప్రోగ్రాములు కొన్ని ప్రసిద్ధమైన ఫాంట్లకు పట్టికలను సిద్ధపఱచినవి. తక్కినవానికి పరిశోధకుడే పట్టిక వ్రాసికొనవలెను. ఫాంటులోని 32నుండి 255 వఱకు గల రూపముల నన్నిటిని ఒక పుటపై అచ్చొత్తించి చూచినచో అది ఒక దినపు పని.

పట్టికకు లొంగనిది క్రమము. కంటికి కనబడు వరుసయు, పలుకు వరుసయు వేఱగుచోట్లు తెలుగున కలవు. వానిలో ముఖ్యమైనది వలపలగిలక. పాత ముద్రణలలో ‘ధర్మము’ అనునది మకారమును వ్రాసి, దాని వలపలి ప్రక్క గిలకనుంచి వ్రాయబడును. శకలఫాంటులో ముందు మకారపు సంఖ్య, తరువాత గిలక సంఖ్య. యూనికోడున పలుకు వరుసనుబట్టి రేఫము, పొల్లు, మకారము. మార్పిడి ఈ వరుసను త్రిప్పకున్నచో రేఫము మకారమునకు వెనుక జేరి, ‘ధర్మము’ చెడి ‘ధమ్రము’ వంటి రూపము పుట్టును. త్రిప్పినచో మాట సరియగును కాని గిలక మాయమై నేటి లేఖనరూపము వచ్చును. మూలమున గిలకయే యున్నదని చూపదలచిన పరిష్కర్త పొల్లు వెంట 8205 అను చిహ్నమును చేర్పవలెను. అప్పుడు దానిని ఎఱిగిన ఫాంట్లు గిలకను చూపును. వర్ణక్రమచరిత్రను పరిశీలించువారికి ఈ భేదము ప్రధానము, తక్కినవారికి కాదు. ఏ నిర్ణయము చేసినను పాఠమంతట ఒకే రీతిగ నుండవలెను.

నేటి గమ్యము యూనికోడు. ఇందు తెలుగునకు 3072నుండి 3199 వఱకు 128 తావులు కలవు. విండోస్ 98 ఈ తావుల తెలుగును చదువజాలదు. విండోస్‌లో తెలుగునకు గౌతమి ఫాంటుతో సహా ఆ శక్తి 2001 నాటి ఎక్స్‌పితో వచ్చినది. కావున మార్పిడి యెప్పుడును క్రొత్త యంత్రముననే జరుగవలెను, మార్చిన పాఠమును పాతదానికి తిరిగి చూపుట వ్యర్థము. యుటిఎఫ్-8 రూపమున ప్రతి తెలుగు సంఖ్యకును మూడు బైట్లు. ఇస్కీలో ఏడు బైట్లు గల ‘లక్ష్మి’ ఇందు ఇరువది యొకటి యగును. ఫైలు మూడింతలు పెరిగినదని శంకింప నవసరము లేదు. ఈ బైట్లను యంత్రము తప్పుగ చదివినచో దోషమునకు ఒక ముద్ర యుండును. తెలుగు సంఖ్యలన్నియు 224తో మొదలై, రెండవ బైటు 176గాని 177గాని యగును. విండోస్ పట్టికతో చదివినచో తలపై గీత గల ఎ అక్షరము, దాని వెంట డిగ్రీ గుర్తో, కూడిక తీసివేతల జంటగుర్తో పుటయంతట పదేపదే కనబడును. మెకింటోషు పాత పట్టికతో చదివినచో ఎకు బదులు రెండడ్డగీతల కత్తిగుర్తు, డిగ్రీకి బదులు అనంతపు గుర్తు కనబడును. ఈ రూపములను జూచినవాడు పాఠము భద్రముగ నున్నదనియు, చదువు పట్టిక మాత్రమే తప్పనియు గ్రహించి, దాచకుండ ఫైలును మూసి మరల సరిగ తెఱవవలెను.

యూనికోడు సైతము ఒక్కమాఱుగ పూర్ణమైనది కాదు. దంత్యములైన ౘ, ౙలును, అవగ్రహమును, పాత భిన్నపు అంకెలును 2008లో చేరినవి. శాసనములలోని ఴకారము 2014లో, ౚకారము 2015లో, నకారపొల్లు 2021లో చోటు సంపాదించుకొన్నవి. అంతకుముందు శాసనపాఠములను టైపుచేసినవారు వీనికి బదులు తమకు తోచిన గుర్తులనుంచిరి: నక్షత్రమో, క్రింద గీతయో, కుండలిలో అంకెయో. ఇట్టి గుర్తులను మార్పిడిలో తుడిచివేయుట ప్రాచీనధ్వనిని తుడిచివేయుటయే. టైపుచేసినవారు జీవించియున్నచో వారినడిగి, ఏ గుర్తు దేనికో వ్రాసికొనవలెను. ఈ సమాచారము డిస్కులో ఎచ్చటను దొరకదు.

ప్రతి సరియైనదని తేల్చుటకు యంత్రము చేయు పరీక్ష యొకటి, మనుష్యుడు చేయు పరీక్ష యొకటి కలవు. దాటిన ఫైలును క్రొత్త యంత్రమునుండి పాతదానికి వేఱు పేరుతో మరల రప్పించి, ఎఫ్‌సి ఆజ్ఞతో బైటు బైటుగా మూలముతో పోల్చవచ్చును. ఒక్క బైటు తేడా యున్నను అది పట్టియిచ్చును. అది సంక్రమణమునకు పరీక్ష. మార్పిడికి పరీక్ష వేఱు. మార్చిన పాఠమునుండి పదములన్నిటిని అకారాదిగ వరుసపఱచిన పట్టిక తీసినచో దోషములు తమంతట తామే తలలెత్తును. గుణింతపు గుర్తుతో మొదలగు పదము తెలుగున లేదు. ఒకే హల్లుపై రెండు గుణింతములు లేవు. రెండు పొల్లులు వరుసగ రావు. అట్టివన్నియు పట్టిక మొదటనో చివరనో గుమిగూడును. ఒకేమాఱు వచ్చిన పదములను విడిగ చూచినచో ఇంకను కొన్ని దొరకును. ఛందోబద్ధమైన పాఠమునకు గణపరీక్ష కూడ తోడ్పడును. ఒత్తు జాఱిన చోట గురువు లఘువై పాదము కుంటును. మైసూరులోని భారతీయ భాషల కేంద్రసంస్థయు, లాంకాస్టరు విశ్వవిద్యాలయమును కలిసి ఎమిల్లీ పాఠకోశమును యూనికోడున వెలువరించినవి. అట్టి పెద్ద సంకలనములలోని పదపట్టికలతో పోల్చి అపూర్వరూపములను వేఱుచేయుట మఱొక యుపాయము.

మార్చిన పాఠమునకు లేఖకపుష్పికవంటి చిన్న టిప్పణి చేర్చుట యవసరము. అందు మూలయంత్రము ఏదో, దాని కార్యవ్యవస్థ ఏదో, ఫైలు మొదటి పేరు, మొదటి తేదీ, ఫాంటు పేరు, మార్పిడి చేసిన ప్రోగ్రాము, వలపలగిలక విషయమున చేసిన నిర్ణయము, అనిశ్చితమైన తావుల పట్టిక ఉండవలెను. మార్పునకు లోనుగాని మూలఫైళ్లును, ఫాంట్లును, డిస్కు సంపూర్ణప్రతియు దాని ప్రక్కనే, కనీసము రెండు వేఱు తావులలో, నిలుపబడవలెను. రేపు మేలైన మార్పిడి వచ్చినప్పుడు పని మొదలిడవలసినది వానినుండియే. లాప్‌టాపును వెంటనే పాఱవేయరాదు. పదపట్టిక పరీక్ష ముగియునంతవఱకు దానిని పొడిచోట, బ్యాటరీని ఊడదీసి వేఱుగ నుంచి దాచవలెను. బ్యాటరీ ఉబ్బియున్నచో దానిని గ్రుచ్చక, వంచక, సేకరణకేంద్రమున అప్పగింపవలెను.